గడువు ముగిశాక, నిర్ణయం రాకముందు

విదేశంలో ఏళ్ల తరబడి ఉండదలచినవారు వీసా గురించి అడిగే ప్రశ్నలు చాలావరకు అది ఎలా వస్తుందన్న దగ్గరే ఆగిపోతాయి. వచ్చిన అనుమతిని నిలుపుకోవడం గురించి, ముఖ్యంగా పాత గడువు తీరిపోయి కొత్త కాగితం ఇంకా చేతికి రాని మధ్యకాలం గురించి అడిగేవారు తక్కువ. చాలాకాలంగా పరాయి దేశంలో ఉంటూ, తోటివారు తెచ్చే కాగితాలు చూసిపెడుతున్న నాకు, నిజమైన చిక్కులన్నీ ఆ మధ్యకాలంలోనే ఉన్నాయనిపిస్తుంది. అందుకే దాని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

అంతకంటే ముందు తేల్చుకోవలసినది ఒకటుంది. దేశంలోకి రావడానికి ఇచ్చే వీసా వేరు, దేశంలో ఉండడానికి ఇచ్చే అనుమతి వేరు. అమెరికాలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పాస్‌పోర్టులో అతికించిన వీసా, సరిహద్దు దగ్గరికి వచ్చి ప్రవేశం కోరడానికి మాత్రమే పనికొస్తుంది. ఎంతకాలం ఉండవచ్చో చెప్పేది ప్రవేశ సమయంలో అధికారి నమోదు చేసే ఐ-94 అనే రికార్డు. విమానంలో వచ్చేవారికి 2013 నుంచి దీన్ని కాగితం మీద ఇవ్వడం దాదాపుగా మానేశారు కనుక, దిగిన తరువాత ఎవరిది వారే వెబ్‌సైటులో తీసి చూసుకోవాలి. వీసా మీది తేదీ దాటిపోయినా ఐ-94 గడువు మిగిలి ఉంటే అక్కడ ఉండడానికి ఇబ్బంది లేదు. వీసా ఇంకా చెల్లుతూ ఉన్నా ఐ-94 గడువు తీరిపోతే మాత్రం, పొడిగింపు కోరకుండా ఉన్న ప్రతి రోజూ అనుమతి లేకుండా ఉన్న రోజుగా లెక్కలోకి వస్తుంది. పాస్‌పోర్టు త్వరలో ముగిసిపోయేవారికి ఐ-94ను ఆ పాస్‌పోర్టు తేదీకే కుదించి ఇవ్వడం కూడా ఉన్నది. హెచ్-1బి అప్రూవల్ నోటీసులో మూడేళ్లు కనిపిస్తున్నాయి కదా అని నిశ్చింతగా ఉన్నవారిని ఈ చిన్న తేదీ పెద్ద ఇబ్బందుల్లో పడేస్తుంది. కాబట్టి పాస్‌పోర్టు రెన్యువల్ ముందు, ప్రయాణం తరువాత అన్నది నా స్థిరమైన అభిప్రాయం.

ఫ్రాన్సు పద్ధతి ఇందుకు భిన్నం. అక్కడి దీర్ఘకాలిక వీసాల్లో ఒక రకం తానే నివాస అనుమతిగా కూడా పనిచేస్తుంది. అయితే దేశంలోకి వచ్చిన మూడు నెలల లోపల రుసుము కట్టి ఆన్‌లైన్‌లో దాన్ని ధ్రువీకరించుకోవాలి. వీసా మీద ఏడాది గడువు కనిపిస్తుంది కనుక, ఈ పని మరచిపోవడం చాలా తేలిక.

ఇక పొడిగింపు సంగతి. చాలా దేశాలు పాటించే సూత్రం ఒకటే: గడువు తీరకముందే దరఖాస్తు పెట్టినవారికి, నిర్ణయం వచ్చేదాకా ఏదో ఒక రూపంలో రక్షణ ఉంటుంది, ఒక్క రోజు ఆలస్యమైనా ఆ రక్షణ పోవచ్చు. ఆ రూపం మాత్రం దేశానికొక తీరుగా ఉంటుంది. బ్రిటన్‌లో 1971 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టంలోని 3సి సెక్షన్ ఈ రక్షణ ఇస్తుంది. సకాలంలో దరఖాస్తు చేసినవారి పాత అనుమతి, దానికున్న షరతులతో సహా, తనంతట తానే కొనసాగుతుంది. దీని కోసం విడిగా కొత్త కార్డేమీ రాదు. అందువల్ల ఉద్యోగం ఇచ్చినవారు, మీ పనిచేసే హక్కు ఎక్కడుందో చూపించమన్నప్పుడు చాలామంది కంగారుపడతారు. యజమాని, వలస వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ అయిన హోం ఆఫీసును నేరుగా అడిగి తెలుసుకునే ఏర్పాటు ఉంది. అక్కడి నుంచి వచ్చే ధ్రువీకరణ ఆరు నెలలపాటు యజమానికి ఆధారంగా నిలుస్తుంది. ఈ సంగతి చిన్న సంస్థల మానవ వనరుల విభాగాలకు తెలియకపోవచ్చు కాబట్టి, గడువుకు ముందే వారితో మాట్లాడుకోవడం అవసరం.

జర్మనీలో ఇదే మధ్యకాలానికి ఒక కాగితం ఇస్తారు. దాని పేరు ఫిక్త్సియోన్స్‌బెషైనిగుంగ్. ఈ కాగితం చేతికి రాగానే అందరూ దాని మీది గడువు తేదీ చూసి మడిచి పెట్టేస్తారు. నేను మాత్రం లోపల ఏ గడిలో టిక్కు పెట్టారో చూడమంటాను. నివాస చట్టంలోని 81వ సెక్షన్‌కు సంబంధించిన మూడు గడులు అందులో ఉంటాయి. నాలుగవ ఉపసెక్షన్ గడిలో టిక్కు ఉంటే పాత నివాస అనుమతి, ఉద్యోగ హక్కుతో సహా, కొనసాగుతున్నట్టు లెక్క. పాత కార్డు, పాస్‌పోర్టు వెంట ఉంచుకుని దేశం దాటి తిరిగి రావచ్చు. మూడవ ఉపసెక్షన్‌లోని మొదటి వాక్యానికి చెందిన గడి అయితే, అక్కడ ఉండడం చట్టబద్ధమే గానీ, ఆ కాగితం చూపి తిరిగి ప్రవేశించే హక్కు లేదు. రెండవ వాక్యం గడిలో టిక్కు పడిందంటే, దరఖాస్తు ఆలస్యమైందనీ, నిర్ణయం వచ్చేదాకా దేశం నుంచి పంపించరనీ మాత్రమే అర్థం. ఒకే కాగితం, ఒకే పేరు. టిక్కు మారితే మనిషి స్థితే మారిపోతుంది. కౌంటరు దగ్గర ఉండగానే ఆ గడి చూసుకుని, సందేహం ఉంటే అక్కడే అడిగి తేల్చుకోవాలి.

జపాన్‌లో గడువుకు సుమారు మూడు నెలల ముందు నుంచి పొడిగింపు కోరవచ్చు. సకాలంలో కోరినవారు నిర్ణయం వచ్చేదాకా, లేదా పాత గడువు ముగిసిన రెండు నెలల దాకా, ఏది ముందైతే అంతవరకు ఉండవచ్చు. ఆ రెండు నెలలు దాటితే రక్షణ ఉండదు గనుక, అనుమతి సిద్ధమైందన్న కబురు రాగానే వెళ్లి కొత్త కార్డు తీసుకోవాలి. తీరిక చూసుకుని వెళదామనుకునే పని కాదది.

దరఖాస్తు నడుస్తుండగా దేశం దాటడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బ్రిటన్‌లో 3సి కింద ఉన్నవారు, బ్రిటన్‌తో ఉమ్మడి ప్రయాణ ప్రాంతంగా ఉన్న ఐర్లండు వంటి చోట్లకు తప్ప, బయటికి వెళితే దరఖాస్తును వెనక్కు తీసుకున్నట్టే చూస్తారు. అమెరికాలో ఒక హోదా నుంచి మరొక హోదాకు మారడానికి దరఖాస్తు చేసి, ఫలితం రాకముందే దేశం విడిస్తే, ఆ మార్పు కోరికను వదులుకున్నట్టే పరిగణిస్తారు. థాయ్‌లాండ్‌లో అయితే అనుమతి చక్కగా చేతిలో ఉన్నా, రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా విమానం ఎక్కితే అది అక్కడితో రద్దవుతుంది. తొంభై రోజులకొకసారి చిరునామా తెలియజేసే నియమం ఒకటి అక్కడుంది. అది కేవలం సమాచారం ఇవ్వడమే తప్ప పొడిగింపు కాదు, అయినా రెండింటినీ కలిపి చూసేవారు నాకు తరచూ కనిపిస్తుంటారు. కుటుంబంలో ఆపద వచ్చి వెళ్లక తప్పని పరిస్థితి ఎవరికైనా రావచ్చు. అప్పుడైనా ఏం పోగొట్టుకుంటున్నామో తెలిసి వెళ్లడం వేరు, తిరిగి వచ్చాక కౌంటరు దగ్గర తెలుసుకోవడం వేరు.

పత్రాల విషయంలో చెప్పవలసినది తక్కువే. పోలీసు క్లియరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంటు వంటివి కొద్ది నెలలే చెల్లుతాయి కాబట్టి మరీ ముందుగా తెచ్చుకున్నా లాభం లేదు. జనన, వివాహ పత్రాలకు, రెండు దేశాలూ 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉంటే, అపోస్టిల్ అనే ఒక్క ధ్రువీకరణ చాలు. లేకపోతే దౌత్య కార్యాలయాల చుట్టూ తిరిగి ధ్రువీకరణలు చేయించుకోవాలి, దానికి వారాలు పట్టవచ్చు. దరఖాస్తు అందినట్టు ఇచ్చే రసీదును మాత్రం కాగితం మీదా ఫోనులోనూ రెండు చోట్లా ఉంచుకోవాలి; నిర్ణయం వచ్చేదాకా మీరు సకాలంలో అడిగారని రుజువు చేసేది అదే.

చివరిగా, కుటుంబంతో ఉన్నవారు అందరి తేదీలనూ విడివిడిగా చూసుకోవాలి. అమెరికాలో హెచ్-1బి పొడిగింపును కంపెనీ సకాలంలో కోరితే, నిర్ణయం రాకపోయినా అదే యజమాని దగ్గర 240 రోజుల దాకా పని చేసుకోవచ్చు. కానీ ఆ పిటిషన్ ఉద్యోగి ఒక్కరిదే. భార్య లేదా భర్త, పిల్లల హెచ్-4 కోసం ఐ-539 అనే ఫారం వేరుగా పెట్టాలి, దాన్ని కంపెనీ పెట్టిందో లేదో ఇంట్లోవాళ్లే అడిగి తెలుసుకోవాలి.