నా ఆకలిని నేను గమనించుకున్న రోజులు

బరువు తగ్గాలని వెళ్తే డైటీషియన్ గారు ముందు ఒక నోట్‌బుక్ పెట్టుకోమన్నారు. ఆకలేసినప్పుడల్లా టైమ్ రాయాలి, దానికి పదికి ఇన్ని అని మార్కులు వేయాలి. ముందు రోజు రాత్రి ఎంతసేపు పడుకున్నానో కూడా రాయాలి.

రాస్తూ పోతే నాకే ఆశ్చర్యం వేసింది. పొద్దున ఎంత తిన్నా ఒంటిగంటకల్లా కడుపు నకనకలాడేది. ఒకరోజు మీటింగ్ సాగి తినడం కుదరలేదు. ఒంటిగంటకి ఎనిమిది ఉన్న ఆకలి రెండున్నరకి నాలుగుకి దిగింది, మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండానే! ఇది గ్రెలిన్ పని అన్నారావిడ. ఎక్కువగా జీర్ణాశయంలో తయారయ్యే ఈ హార్మోన్‌ని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. రోజూ తినే వేళకు ముందు ఇది పెరుగుతుంది, వేళ దాటితే తినకపోయినా కొంత తగ్గుతుంది.

నిద్ర చాలని మర్నాడు మాత్రం మార్కులు రోజంతా పైనే ఉండేవి. 2004లో చికాగోలో ఆరోగ్యంగా ఉన్న యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. పది గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే వాళ్లలో గ్రెలిన్ 28 శాతం ఎక్కువ, ఆకలిని అదుపులో పెట్టే లెప్టిన్ 18 శాతం తక్కువ ఉన్నాయి. అది విన్నాక నా మీద నాకున్న కోపం చాలావరకు పోయింది. నిగ్రహం లేదని మనుషుల్ని తిట్టేముందు వాళ్లు ఎంత నిద్రపోతున్నారో అడగాలని నా గట్టి అభిప్రాయం.

కడుపు నిండటం గమనించడం ఇంకా కష్టం. జీర్ణాశయం సాగితే వేగస్ నాడి మెదడుకి కబురు పంపుతుంది. తిన్నది పేగుల్లోకి దిగాక జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు తోడవుతాయి, దానికి కొంత సమయం పడుతుంది. అందుకే సగం తిన్నాక చెయ్యి ఆపి కాసేపు కూర్చునేదాన్ని. మొదట్లో టెన్షన్‌గా ఉండేది. తర్వాత్తర్వాత ఆ కాసేపట్లోనే ఆకలి ఆరు నుంచి మూడుకి జారడం తెలిసేది. ఇంకోసారి వడ్డించుకోవాలనే అనిపించేది కాదు.

తీపి మాత్రం ఈ లెక్కకి లొంగలేదు. కడుపు నిండుగా ఉన్నా ఎదురుగా కనిపిస్తే కావాలనిపించేది. ఒక రుచితో విసిగిన నాలుక కొత్త రుచికి మళ్లీ సిద్ధమవుతుందట. అందుకే ఇప్పుడు దాన్ని భోజనానికి ముందే కొంచెం విడిగా తీసి పెట్టుకుంటున్నాను, మిగతాది లోపల పెట్టేస్తాను.