కారు బ్రేక్ లైటు వెలగట్లేదా? బల్బు కొనేముందు ఇవి చూడండి

ఒకవైపు లైటే ఆగితే తప్పు సాధారణంగా బల్బుదో, హోల్డరుదో. పైనున్న మూడో బ్రేక్ లైటుతో సహా అన్నీ ఒకేసారి ఆరిపోతే బల్బుల జోలికి వెళ్లకండి. ముందు ఫ్యూజు, తర్వాత బ్రేక్ పెడల్ స్విచ్ చూడండి. పెడల్ వదిలినా లైట్లు ఆరకపోతే, స్విచ్‌కి ఆనే చిన్న ప్లాస్టిక్ బిళ్ల విరిగిందేమో చూడండి; ముక్కలు కాళ్ల దగ్గర మ్యాట్ మీదే దొరకొచ్చు.

చాలా కార్లలో ఉండేది 12 వోల్టుల 21/5 వాట్ల బల్బు: 21 బ్రేక్‌కి, 5 టెయిల్‌కి. లోపలికి నొక్కి ఎడమకు తిప్పితే వచ్చేస్తుంది. రెండు పిన్నులూ ఒకే ఎత్తులో ఉండవు, బలవంతంగా దూర్చకండి.

బ్రేక్ తొక్కితే ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతోందా? అది దాదాపు ఎర్త్ (కరెంటు కారు బాడీ ద్వారా తిరిగి వెళ్లే కనెక్షన్) లోపమే. హోల్డర్‌లో పచ్చగా పట్టిన చిలుము గీకి, ఎర్త్ బోల్టు బిగించండి. కొత్త బల్బు వేస్తే ఇది పోదు.