నల్లటి స్లైడు

గురువారం రాత్రి

నిన్న కోల్డ్ రూంలో ప్రైమరీ యాంటీబాడీలో (కణంలో మనం చూడాలనుకున్నదాన్ని వెతికి పట్టుకునేది) వదిలేసి వెళ్ళిన కవర్‌స్లిప్పులు, అంటే కణాలున్న పల్చటి గాజు బిళ్ళలు, పొద్దున బయటికి తీశాను. పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో మూడు సార్లు కడగడం, ఒక్కోసారి ఐదేసి నిమిషాలు. ఈ పనిలో సైన్సు కన్నా కడుగుడే ఎక్కువ.

తర్వాత లైట్లార్పి సెకండరీ వేశాను, అంటే ప్రైమరీని పట్టుకునే, వెలిగే రంగు అతికించిన రెండో యాంటీబాడీ. ట్యూబులిన్ అనే ప్రొటీన్ మీదున్న, ఎలుకలో తయారైన ప్రైమరీకి ఆకుపచ్చగా వెలిగే అలెక్సా ఫ్లోర్ 488 రంగు, మైటోకాండ్రియా మీదున్న కుందేలు ప్రైమరీకి అలెక్సా ఫ్లోర్ 647. రెండు సెకండరీలూ మేకలో తయారైనవే. కొత్తగా చేరిన జూనియర్ పక్కనే కూర్చుని, "రంగు ఇంకా దట్టంగా ఎక్కించినది కొంటే బాగా వెలుగుతుంది కదక్కా?" అంది. వెలగదు. రంగు అణువులు మరీ దగ్గరగా ఉంటే ఒకదాని వెలుగు ఇంకొకటి మింగేస్తుంది. పైగా ఆ రంగు అతుక్కునేది యాంటీబాడీలోని లైసిన్లకు. యాంటిజెన్‌ను, అంటే దాని లక్ష్యాన్ని, పట్టుకునే చోట ఉన్న లైసిన్లకు కూడా అతుక్కుంటే అసలు పట్టే పోతుంది.

మధ్యాహ్నం కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు దగ్గర జూనియర్ ఐపీస్‌లోంచి చూసి, "నీలం, ఆకుపచ్చ బాగున్నాయి. మూడోది ఏమీ లేదక్కా" అని దిగాలుపడింది. 647 వెలుగు 670 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, అక్కడ మన కళ్ళు దాదాపు గుడ్డివి. స్కాన్ మొదలుపెట్టగానే తెర మీద మైటోకాండ్రియా సన్నటి పురుగుల్లా బయటపడ్డాయి. పిల్ల మొహం వెలిగిపోయింది, వెంటనే ఫోన్ తీసింది.

నాకు మాత్రం అప్పటిదాకా నమ్మకం లేదు. ప్రైమరీ వేయకుండా సెకండరీ ఒక్కటే వేసిన స్లైడు పెట్టాను. అదే లేజరు, అదే గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచి చూపాలనే సెట్టింగు). కేంద్రకాలకు వేసే డాపీ అనే రంగు నీలంలో కేంద్రకాలు తప్ప అంతా నలుపే. ప్రాణం లేచొచ్చింది. అందులో గనక పచ్చదనం కనిపించి ఉంటే, సెకండరీ దానంతటదే అంటుకుందా, కణానికే సొంత మెరుపు ఉందా అని ఆ అందమైన బొమ్మలన్నిటినీ అనుమానించాల్సి వచ్చేది. 1941లో హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ బృందం యాంటీబాడీకి మొదట అతికించిన రంగు నీలంగా వెలిగేది. కణజాలమూ సహజంగా నీలంగానే మెరుస్తుంది, ఏది ఏదో తేల్చడం కష్టం. అందుకే తర్వాత ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరసీన్‌కు మారారు.

"దీన్నెందుకు సేవ్ చేస్తున్నావక్కా, ఏమీ లేదుగా?" అంది జూనియర్. ఏమీ లేదనే చేస్తున్నానన్నాను.

ఈలోగా తర్వాతి స్లాట్ వాళ్ళు తలుపు కొట్టారు. గెయిన్ విలువలు నోట్‌బుక్‌లో రాసుకుని లేచాం. శనివారం ఇవే సెట్టింగుల మీద మందు వేసిన కణాలు చూడాలి.