కుడి చెవిలో లెనన్

పోయిన నవంబరులో ఒకరోజు పొద్దున్నే పర్లాకిమిడిలో మా మేడ మీద నడుస్తూ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఇంగ్లండు బ్యాండు బీటిల్స్ పాట 'ట్విస్ట్ అండ్ షౌట్' మొదలైంది. ఎడమ చెవిలో గిటార్లు, డ్రమ్స్ బ్రహ్మాండంగా మోగుతున్నాయి. పాడే మనిషే లేడు. గోడ అవతల ఎవరో అరుస్తున్నట్టు లీలగా ఉంది, అంతే. ఇయర్‌ఫోన్ పాడైందనుకుని కుడిదీ ఎడమదీ మార్చి పెట్టుకున్నాను. ఈసారి గొంతు వచ్చింది, వాద్యాలు పోయాయి. అప్పుడు అర్థమైంది, పాడైంది నా కుడి చెవి అని.

బీటిల్స్ మొదటి ఆల్బమ్‌లోని ఆ పాటని 1963లో రెండు ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. ఒకదాని మీద వాద్యాలు, ఇంకోదాని మీద గొంతులు. తర్వాత మోనోలో, అంటే రెండు వైపులా ఒకే శబ్దం వచ్చేలా, సమంగా కలుపుకోవచ్చని నిర్మాత జార్జ్ మార్టిన్ అలా చేశారు. స్టీరియోలో వింటే మాత్రం అవి చెరో పక్కకీ విడిపోతాయి.

మందుల షాపులో గులిమి అన్నారు, చుక్కల మందు ఇచ్చారు. దాంతో నాలుగు రోజులు పోయాయి. చెవిలో ఆగని కుక్కర్ విజిల్, లేచి నిలబడితే కళ్లు తిరగడం. అప్పుడు బస్సెక్కి బరంపురం వెళ్లాం. ఈఎన్‌టీ డాక్టరు ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నా నుదుటి మధ్యలో ఆనించారు. ఆ మోత ఎడమకే వెళ్లింది. "లోపలి నరం సమస్య. ఇలా ఒక్కసారిగా వినికిడి పోతే మొదటి రెండు వారాలే కీలకం" అన్నారు. ఆ రోజు నుంచే స్టెరాయిడ్ మాత్రలు. నిద్ర పట్టేది కాదు, షుగర్ పెరిగింది.

అన్నింటికన్నా దిక్కు తెలియకపోవడం భయపెట్టింది. మా ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే వీధి గుమ్మం వైపు తిరిగేవాణ్ణి. స్కూటర్ హారన్ ఎటు నుంచో తెలిసేది కాదు.

నాకు ఈ పాటల పిచ్చి అంటించింది అన్నయ్యే. 80ల్లో బరంపురంలో చదువుకుంటూ సెలవులకి వచ్చినప్పుడల్లా అబ్బా, బోనీ ఎమ్, బీటిల్స్ క్యాసెట్లు తెచ్చేవాడు. ఫోన్‌లో సంగతి చెబితే, "ఒరే, మోనోలో పెట్టుకో. అప్పట్లో వాళ్లు వినమన్నదీ అలాగే కదా" అన్నాడు. సెట్టింగుల్లో మోనో ఆన్ చేశాను. మొత్తం పాట ఎడమ చెవిలోకి వచ్చేసింది. ఆ రాత్రి ఏడ్చాను.

1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేసి, చివరికి ఈ పాట పట్టుకున్నారు. పాడిన జాన్ లెనన్‌కి జలుబు, గొంతు అప్పటికే అరిగిపోయింది. మనం వినేది మొదటి టేకే. రెండోసారి పాడబోతే గొంతు మిగల్లేదు. ఆ బొంగురు నాకెప్పుడూ ఇష్టమే. కానీ ఒంట్లో బాగోలేని మనిషి పాడుతున్నాడని నేనూ మంచం పట్టినప్పుడే మొదటిసారి పట్టించుకున్నాను.

మాత్రలు మొదలెట్టిన తొమ్మిదో రోజు మోనో తీసేసి చూశాను. కుడి చెవిలో రేకు డబ్బాలోంచి వచ్చినట్టు గీరుకుపోతున్న గొంతు. శ్రుతి కూడా కాస్త తేడా. అయినా లెననే. ఆరు వారాలకి చాలావరకు తేరుకుంది. వినికిడి పరీక్ష గ్రాఫులో కీచు శబ్దాల దగ్గర మాత్రం గీత ఇంకా కిందికే ఉంది.

సంక్రాంతికి అన్నయ్య వచ్చాడు. ఇయర్‌ఫోన్లు చెరొకటీ పంచుకున్నాం. కుడిది నేనే అడిగి తీసుకున్నాను.