వెళ్లని ట్రెక్కు, అడగని ప్రశ్న

చదువు ముగిసిన వేసవిలో కొండల మీదికి ట్రెక్కుకని పేరిచ్చి, తీరా బయల్దేరే వారంలో "ఈసారికి వద్దులే" అన్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. పాత మిత్రులు కలిస్తే ఆ ప్రస్తావన రాక మానదు. వెళ్లొచ్చినవాళ్లు కాలి బొబ్బలు, తడిసిన గుడారాలు ఎప్పుడో మరిచిపోయుంటారు. వెళ్లనివాళ్లకు మాత్రం వద్దన్న రోజు ఇంకా గుర్తే.

థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1994లో ఈ విషయం మీదే పరిశోధన ప్రచురించారు. దగ్గరి కాలంలో చేసిన పని ఎక్కువ బాధపెడుతుంది, జీవితమంతా వెనక్కి చూసుకుంటే చేయకుండా వదిలేసినదే ఎక్కువ బాధపెడుతుంది. చేసిన తప్పును సర్దుకునే దారులుంటాయి, చేయనిదాన్ని ఎంతైనా ఊహించుకోవచ్చు. ఇంకొకటి: ఏళ్లు గడిచేకొద్దీ ఆనాడు మనల్ని ఆపిన భయం చిన్నదిగా కనబడుతుంది. ఇది అన్యాయం. కొండల విషయంలో ఆ భయానికి నిజమైన కారణమే ఉంది.

సుమారు 2,500 మీటర్లు దాటితే ఎవరికైనా ఎత్తు జబ్బు, అంటే పలచని గాలిలో ఆక్సిజన్ చాలక వచ్చే అనారోగ్యం, రావచ్చు. 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సగమే. ఒంట్లో బలముంటే ఏమీ కాదనుకోవడం పొరపాటు. దృఢంగా ఉన్నవాళ్లు వేగంగా ఎక్కేసి మరీ జబ్బు తెచ్చుకుంటారు. అందుకే ట్రెక్కు నడిపేవాళ్లను ముందుగా అడగాల్సింది "ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటాం?" అని. పగలు ఇంకాస్త ఎత్తుకెళ్లి దిగినా పెద్ద ఇబ్బంది ఉండదు, లెక్క పడుకునే చోటుదే. 3,000 మీటర్లు దాటాక రాత్రి బస ఒక్కరోజులో 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగాలి. పాత ట్రెక్కు షెడ్యూలు ఎవరి దగ్గరైనా ఉంటే ఈ లెక్క వేసి చూడండి. బస ఒక్కసారిగా వెయ్యి మీటర్లు పెరిగి, విశ్రాంతి రోజన్నదే లేకపోతే, ఆనాడు వద్దన్నవాళ్లదే సరైన నిర్ణయం.

కొత్త ఎత్తుకు చేరిన రోజు తలనొప్పికి తోడు వికారం, నీరసం, తల తిరగడం కనిపిస్తే ఇంకా పైకి వెళ్లకూడదు. తగ్గకపోతే దిగాలి. కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తున్నా, తిన్నగా ఒక గీత మీద అడుగు ముందు అడుగు వేయలేకపోతున్నా, మాట తడబడుతున్నా ఊపిరితిత్తుల్లో నీరు చేరడమో మెదడు వాచడమో మొదలైనట్టే. తెల్లారేదాకా చూద్దామనుకోవడంతోనే ప్రాణాలు పోతాయి. అర్ధరాత్రయినా తోడుతో కిందికి దించాలి. ఎత్తు జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ మాత్రను సాధారణంగా ఎక్కే ముందురోజు నుంచి 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు వాడతారు. అది శ్వాసను పెంచి శరీరం త్వరగా అలవాటు పడేలా చేస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు డాక్టరును అడక్కుండా ముట్టుకోవద్దు.

ఆ వయసు దాటిపోయిందనేవాళ్లకు ఒక మాట. ఎత్తుకు అలవాటు పడటానికి వయసు పెద్ద అడ్డం కాదు, ఇబ్బందల్లా మోకాళ్లతోనే. అవీ ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎక్కువ నొప్పెడతాయి. రెండు నెలల ముందు నుంచీ వీపున బరువుతో మెట్లు ఎక్కడమే కాదు, నెమ్మదిగా దిగడం కూడా సాధన చేయాలి. చేతికర్రలు రెండుండాలి, దిగేటప్పుడు వాటి పొడవు కొంచెం పెంచుకోవాలి. బూట్లు ముందే కొని బాగా నడిచి అలవాటు చేసుకోండి. వేళ్ల ముందు కాస్త ఖాళీ ఉండాలి, గోళ్లు కత్తిరించుకోవాలి. లేకపోతే దిగుడు దారిలో వేళ్లు బూటు ముందుభాగానికి గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి.