ఏ ఊరమ్మా మీది?

మొగుడి దెబ్బలకు తాళలేక ఇల్లు విడిచొచ్చిన ఆడవాళ్ళు తలదాచుకునే షెల్టర్ మాది, అమెరికాలో, టెక్సస్‌లోని డల్లాస్ దగ్గరుంది. అంతకు మించి చెప్పను. ఇన్నేళ్ళుగా నేను రోజూ అక్కడికే వెళ్ళివస్తున్నా మా ఆయనకు కూడా అడ్రసు తెలీదు, అడగడు కూడా. బయటి నుంచి చూస్తే వీధిలో అన్నిటిలాంటి ఇల్లే. లోపల ప్రతి గది గోడకీ ఒక చిన్న బాణం గుర్తు అతికించి ఉంటుంది. మన ఊళ్ళలో నమాజుకి పడమటికి తిరిగి నిలబడతాం. డల్లాస్ నుంచి కిబ్లా, అంటే మక్కాలోని కాబా దిక్కు, ఈశాన్యానికి వస్తుంది. మొదటి రాత్రి వచ్చినవాళ్ళకి తూర్పేదో పడమరేదో కూడా తెలిసే స్థితి ఉండదు. జానమాజ్ (నమాజు చాప) పట్టుకుని గది మధ్యలో నిలబడిపోతారు. అందుకని ఆ బాణం.

మాది కర్నూలు. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు. 2011లో హెచ్-4 వీసా మీద వచ్చాను, హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ భార్యలకిచ్చేది. చదువుంది, పని చేసే హక్కు లేదు. ఒక జుమ్మా నాడు మసీదులో ఒక పెద్దావిడ "బేటీ, ఉర్దూ వచ్చు కదా, రాత్రిపూట ఫోన్లు ఎత్తగలవా?" అని అడిగింది. అలా వలంటీరుగా చేరాను. 2015 మేలో, గ్రీన్ కార్డు క్యూలో ఉన్న హెచ్-1బీ వాళ్ళ భార్యలకు పని పర్మిట్ ఇచ్చే రూలు వచ్చాక, జీతం మీద రాత్రి షిఫ్టుకి తీసుకున్నారు. ఇప్పుడు ఇల్లంతా నేనే నడుపుతున్నాను. మా ఆయన మంచి మనిషి. అయినా నా పర్మిట్ ఆయన కాగితానికి ముడిపడి ఉంది. ఆయన ఉద్యోగం పోతే నాదీ పోతుంది. ఆ కాగితం కొట్టేవాడి చేతిలో ఉంటే ఎలా ఉంటుందో నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

2018 వేసవిలో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ నుంచి ఫోను వచ్చింది. ఇండియా నుంచి వచ్చిన ముస్లిం అమ్మాయి కాబట్టి ఉర్దూ ఇంటర్‌ప్రెటర్‌ని లైన్‌లో పెట్టారు. అమ్మాయి అన్నిటికీ 'జీ', అంటే అవునండీ, అంటోంది. కొట్టాడా? జీ. జారి పడ్డావా? జీ. ఇంటికి వెళ్తావా? జీ. ఆ 'జీ'లో ఏదో తేడా వినిపించింది నాకు, మాట అర్థంకాక మర్యాదకి అంటున్నట్టుగా. ఇంటర్‌ప్రెటర్‌ని ఒక్క నిమిషం ఆగమని, "ఏ ఊరమ్మా మీది?" అని తెలుగులో అడిగాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత "మార్కాపురం దగ్గరక్కా" అని బావురుమంది.

వాళ్ళు నూర్‌బాషాలు. మన వైపు దూదేకులవాళ్ళు అంటారే, వాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఇలాంటి ముస్లింలు ఉంటారని ఇక్కడి ఏ ఫారంలోనూ ఉండదు. దానికి నేనెవర్నీ తప్పుపట్టను. కానీ నొప్పిని తన భాషలో చెప్పుకోలేని మనిషికి ఎవరు మాత్రం ఏం సాయం చెయ్యగలరు?

ఆమె ఇంట్లోంచి బయటపడటం అది మొదటిసారి కాదు. అంతకు కొన్ని వారాల ముందు, రంజాన్‌లో, ఒక మామూలు షెల్టర్‌లో నాలుగు రోజులుంది. అక్కడివాళ్ళు దయగలవాళ్ళేనట. కానీ భోజనం ఆరింటికి, వంటగదికి తాళం ఎనిమిదింటికి. ఆ నెలలో ఇక్కడ ఇఫ్తార్ ఎనిమిదిన్నరకి. ఏ గిన్నెలో ఏ మాంసం వండారో తెలీక బ్రెడ్డు, అరటిపళ్ళతో సరిపెట్టుకుంది. నాలుగో రోజు ఆ ఇంటికే వెళ్ళిపోయింది. దెబ్బలకు తాళలేక వచ్చిన మనిషి, పట్టెడన్నం లేక వెనక్కి పోయింది. ముస్లిం ఆడవాళ్ళకి వేరే షెల్టర్ ఎందుకు, విడిపోవడం కాదా అని నన్ను అడిగినవాళ్ళకి నేను ఈ సంగతే చెబుతాను.

మా ఇంట్లో గిన్నెలన్నీ హలాలే. ప్లంబర్ వస్తున్నాడంటే అరగంట ముందు ప్రతి తలుపూ తట్టి చెబుతాం, దుపట్టా వేసుకోవాలనుకునేవాళ్ళు వేసుకుంటారు. రంజాన్‌లో తెల్లవారకముందు తినే సహరీకి వంటగదిలో దీపాలు వెలుగుతుంటాయి. అలాగని ముస్లింలకే అనుకోకండి. ప్రభుత్వ గ్రాంటు తీసుకున్నాక మతం చూసి ఎవర్నీ వద్దనకూడదు. తీసుకోకపోయినా వద్దనం. ఒక ఏడాది మెక్సికన్ అమ్మ ఒకావిడ, కాథలిక్కు, నెలంతా మా ఇఫ్తార్‌కి పుచ్చకాయ కోసిపెట్టింది.

డబ్బు లెక్కలు రెండు ఖాతాల్లో రాస్తాం. జకాత్, అంటే తప్పనిసరి దానం, ఎవరికి చెందాలో ఖురాన్‌లోనే ఎనిమిది రకాలుగా ఉంది: నిరుపేదలు, అప్పుల్లో ఉన్నవాళ్ళు, దారిలో చిక్కుకున్న బాటసారి... మా దగ్గరికొచ్చే ఆడమనిషి ఒక్కోసారి ఆ మూడూ తనే. ఆ డబ్బు ఆమె అపార్ట్‌మెంటు డిపాజిట్‌కి, లాయరు ఫీజుకి, అప్పుకి పోతుంది. కరెంటు బిల్లు, జీతాలు, కారే పైకప్పు సదకా (ఇష్టపూర్వక దానం) నుంచీ గ్రాంట్ల నుంచీ. ఏడాది ఖర్చులో పెద్ద భాగం రంజాన్ ఆఖరి పది రాత్రుల్లో రావాలి. ఆ రాత్రుళ్ళు నేను దువా ఎంత చేస్తానో ఫోన్లూ అన్నే చేస్తాను.

వచ్చిన రాత్రి ప్రశ్నలు వెయ్యం. టీ, తువ్వాలు, మంచం. తర్వాత ఫోను: లొకేషన్ షేరింగ్ ఆపడం, అతని ఫ్యామిలీ ప్లాన్‌లోంచి బయటికి తేవడం. ఆ తర్వాత పిల్లల సంచులు. మార్కాపురం అమ్మాయి కూతురికి అప్పుడు నాలుగేళ్ళు. దాని గుడ్డబొమ్మ పొట్ట ఒకచోట గట్టిగా తగిలింది. కుట్టు విప్పితే లోపల గుండ్రటి ట్రాకరు, చిన్న బిళ్ళంత. దాన్ని పోలీసులకిచ్చాం. పిల్ల బొమ్మ కావాలని ఏడుస్తుంటే, దూది మళ్ళీ కూరి నేనే కుట్టాను. కుట్టు వంకరగా వచ్చింది. "ఆపరేషన్ చేశావా ఆంటీ?" అని అడిగింది.

కాగితాల సంగతి మన ఆడపిల్లలందరికీ తెలియాలి. భర్త పౌరుడో గ్రీన్ కార్డువాడో అయితే, 1994 నాటి చట్టం ప్రకారం భార్య అతనికి తెలియకుండానే సొంతంగా గ్రీన్ కార్డుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. హెచ్-1బీ వాడి భార్యకి ఆ దారి లేదు. భర్త హింసిస్తుంటే ఆమెకి పని పర్మిట్ ఇవ్వాలని 2005లో చట్టంలో రాశారు, దానికో ఫారం చేతికి రావడానికి 2017 పట్టింది. నేరానికి బలై పోలీసులకు సహకరించినవాళ్ళకిచ్చే యూ వీసా ఉంది కానీ ఏడాదికి పదివేలే, క్యూ ఏళ్ళ తరబడి. పాస్‌పోర్టు అతను దాచేస్తే హ్యూస్టన్ కాన్సులేట్ ద్వారా కొత్తది తెచ్చుకోవచ్చు. టెక్సస్ కోర్టు అతన్ని దగ్గరికి రావద్దంటూ మామూలుగా రెండేళ్ళ వరకు ఆర్డరిస్తుంది. "నిన్ను డిపోర్ట్ చేయిస్తా" అన్న ఒక్క బెదిరింపుతో ఏళ్ళకేళ్ళు నోరు నొక్కుకున్నవాళ్ళని ఎందర్ని చూశానో. అలా చేయించడం మొగుడి చేతిలో పని కాదమ్మా అని చెబితే నమ్మడానికే వాళ్ళకి వారం పడుతుంది.

ఇక సబ్ర్, అంటే ఓర్పు. మార్కాపురం అమ్మాయి మొదట్లో సలహా అడిగితే ఒక మౌల్వీ సాబ్ సబ్ర్ చేయమన్నారట. నాకు బాగా కోపమొచ్చే మాట అది. సబ్ర్ అంటే కష్టంలో అల్లాని విడవకపోవడం, దెబ్బలకు ఒళ్ళప్పగించడం కాదు. అందరూ అలా లేరు. షరీఫా అల్‌ఖతీబ్ గారు 2000లో పీస్‌ఫుల్ ఫ్యామిలీస్ ప్రాజెక్ట్ మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఇమాములకు ఈ విషయంలో శిక్షణ నడుస్తోంది. ఇప్పుడు కొందరు ఇమాములు వాళ్ళంతట వాళ్ళే మాకు ఫోన్ చేస్తారు. కోర్టు విడాకులిచ్చినా "నేను తలాక్ చెప్పలేదు, నువ్వింకా నా పెళ్ళానివే" అని వేధించేవాళ్ళుంటారు. అప్పుడు ఖులా (భార్య కోరే విడాకులు), ఫస్ఖ్ (పెళ్ళి రద్దు) విషయంలో పక్కన నిలబడేది ఆ ఇమాములే.

మా దగ్గరికొచ్చిన తొమ్మిదో రోజు మార్కాపురం అమ్మాయికి పుట్టింటినుంచి ఫోనొచ్చింది. చెల్లెలికి సంబంధం కుదిరిందట. "ఈ సంగతి బయటపడితే దాని పెళ్ళి ఆగిపోతుందే" అని వాళ్ళమ్మ ఏడ్చిందట. సాయంత్రానికి సంచి సర్దుకుంది. నేను ఆపలేదు. ఆపితే నేనూ ఆమె మీద అధికారం చేసే ఇంకో మనిషినే అవుతాను. వెళ్ళేముందు ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ఎప్పుడు ఫోన్ చేసి "అక్కా, గోంగూర దొరికిందా?" అన్నా, నేను ఇంకేం అడగకుండా పోలీసుల్ని పంపాలి. అడ్రసు రాసి నా పర్సులో పెట్టుకున్నాను.

బక్రీద్ పోయింది. డిసెంబరులో ఒక రాత్రి రెండింటికి ఫోను మోగింది. గొంతు మామూలుగానే ఉంది, పక్కింటావిడతో మాట్లాడుతున్నట్టు. "అక్కా, పడుకున్నావా? గోంగూర దొరికిందా?"

"దొరికిందమ్మా" అన్నాను. రెండో ఫోను అప్పటికే చేతిలో ఉంది.

నాలుగున్నరకి పోలీసు కారులో వచ్చారు. పిల్ల నిద్రలో ఉంది, చంకలో వంకర కుట్టు బొమ్మ. ఎందుకు వెళ్ళావని గానీ, ఇన్ని నెలలు ఏం జరిగిందని గానీ నేను అడగలేదు. అన్నం వండాను. ఫ్రీజర్‌లో నిజంగానే గోంగూర ఉంది, వేడిచేసి తాలింపు వేశాను. వంటగదిలో గట్టు దగ్గర నిలబడే రెండుసార్లు కలుపుకుంది. తర్వాత చెయ్యి కడుక్కుని, నమాజుకి శుద్ధయ్యే వుజూ చేసి, తన పాత గదిలోకి వెళ్ళి, తెల్లవారుజాము నమాజైన ఫజ్ర్‌కి బాణం వైపు తిరిగింది.