చాక్లెట్‌లో ముంచడానికి కమలా తొనలే

చలికాలం వస్తే వైజాగ్‌లో లంబసింగి స్ట్రాబెర్రీలు దొరుకుతాయి. చాక్లెట్‌లో ముంచిన పండు అనగానే అందరికీ గుర్తొచ్చేవి అవే. మా ఇంట్లో మాత్రం ముందు ఖాళీ అయ్యేది కమలా తొనల పళ్ళెం.

ముందు చాక్లెట్ సంగతి. "అక్కా, బేకరీలకు అమ్మే స్లాబ్ చవగ్గా వస్తుంది కదా, అది చాలదా?" అంటుంది మా తోడికోడలు. చాలదమ్మా. ఆ స్లాబ్ కాంపౌండ్. కోకో బటర్ బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ వేస్తారు. గట్టిపడటం తేలికే, కానీ నోట్లో జిడ్డుగా అంటుకుంటుంది. మా నాన్నగారిది ద్వారకా తిరుమల దగ్గర కొబ్బరి తోట. చెట్ల నీడలో కోకో అంతర పంట. కాయ పగలగొట్టి, గింజల చుట్టూ ఉండే తెల్లటి గుజ్జు చప్పరిస్తూ పెరిగాం మేం. తియ్యగా, పుల్లగా భలే ఉంటుంది. ఆ గింజల్ని ఐదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టాలి. పొట్టు తీసిన గింజలో సగం కోకో బటరే. ఇంత కష్టపడి పండించిన దాంట్లో అసలు సరుకు వదిలేసి చాక్లెట్ కొనడానికి నాకు మనసొప్పదు. ప్యాకెట్ వెనక కోకో బటర్ అని ఉందో లేదో చూసే కొంటాను.

కమలాలు ఒలిచి, పీచంతా తీసి, పొర చిట్లకుండా తొనలు విడదీయాలి. ఫ్యాన్ కింద గంటా గంటన్నర ఆరబెడితే పైపొర కాగితంలా ఎండుతుంది, లోపల రసం అలాగే ఉంటుంది. ఇక్కడ ఓపిక పట్టాలి. తడి చుక్క తగిలిందా, కరిగిన చాక్లెట్ ముద్ద కట్టేస్తుంది. అలా అయితే వేడి పాలు పోసి సాస్ చేసేసుకోవడమే. స్ట్రాబెర్రీలైనా కడిగి, తుడిచి, ఆరబెట్టాలి. ఫ్రిజ్‌లోంచి తీసినవి వెంటనే ముంచకూడదు, చెమ్మ పడుతుంది.

200 గ్రాముల డార్క్ చాక్లెట్ తరిగి, మూడో వంతు పక్కన పెట్టండి. మిగతాది పొడి గిన్నెలో వేసి, వేడినీళ్ళ ఆవిరి మీద 45 డిగ్రీల దాకా కరిగించండి. గిన్నె అడుగు నీళ్ళకు తగలకూడదు. దించి, పక్కన పెట్టింది కొంచెం కొంచెంగా వేస్తూ కలుపుతుంటే 31, 32 డిగ్రీలకు దిగుతుంది. థర్మామీటర్ లేకపోతే చుక్క తీసి కింది పెదవికి రాసుకోండి, కాస్త చల్లగా తగలాలి. ఇలా చల్లారిస్తేనే మెరుపు, కొరికితే టక్కుమనే శబ్దం. చాకు మొన ముంచి చూస్తే ఐదు నిమిషాల్లో గట్టిపడాలి.

తొనను సగం దాకా ముంచి, గిన్నె అంచుకు ఒకసారి గీసి, బటర్ పేపర్ మీద పెట్టండి. ఆరేలోపు నలిపిన కల్లుప్పు రెండు రవ్వలు చల్లండి. కొరకగానే ముందు చేదు, వెంటనే పుల్లటి రసం, చివర్లో ఆ ఉప్పు... అబ్బ, ఆ రుచి స్ట్రాబెర్రీకి రాదు.

ఎండాకాలంలో ఈ పద్ధతి కుదరదు. గది వేడికే చాక్లెట్ మెత్తబడుతుంది. అప్పుడు అరటిపండు చక్రాలు డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, చెంచా కొబ్బరినూనె కలిపిన చాక్లెట్‌లో ముంచండి, చూస్తుండగానే బిగుసుకుంటుంది.

పండ్లు ఆ రోజే తినేయాలి. గిన్నెలో మిగిలిన చాక్లెట్‌లో వేయించిన వేరుశనగ గుళ్ళు కలిపి, చెంచాతో చిన్న ముద్దలు పెట్టుకుంటే అవి వారం నిలవుంటాయి.